ఏం గాదు సార్!

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్న సామెతను ఇల్లు కట్టించిన ప్రతివాడూ ఎప్పుడో ఒకప్పుడు వాడుకుంటాడు. పటేల్‌గూడలో నూటయాభై గజాల స్థలంలో ఇల్లు కట్టించిన ఏడాదిలో నేనైతే లెక్కలేనన్ని సార్లు వాడుకున్నాను. సిమెంటు ధర పెరిగినప్పుడు, ఇసుక లారీ రానప్పుడు, మేస్త్రీ ఫోను ఎత్తనప్పుడు అదే మాట. ఇప్పుడు తీరిగ్గా ఆలోచిస్తే ఆ సామెతలోని కష్టమంతా కట్టించేవాడిదే అనిపిస్తోంది. పరంజా ఎక్కి కట్టేవాడి ఊసు అందులో లేదు. ఈ టపా ఆ రెండో మనిషిని గూర్చి.

మా ఊరు ఎరుగనివారికి రెండు ముక్కలు. పటాన్‌చెరు పారిశ్రామికవాడకూ, అమీన్‌పూర్‌కూ, ఔటర్ రింగు రోడ్డు మీది సుల్తాన్‌పూర్‌కూ నడుమనున్న పల్లె పటేల్‌గూడ. పల్లె అనటం ఇప్పుడు అలవాటుకొద్దీ మాత్రమే. ఒకనాటి చెలకలన్నీ ప్లాట్లయ్యాయి, ప్లాట్లన్నీ ఇళ్ళవుతున్నాయి. ఏ వీధిలో నిలబడి చూసినా ఒక ఇల్లు పునాదిలోనో, ఒకటి స్లాబులోనో, ఒకటి రంగుల్లోనో కనిపిస్తుంది. ఆ ఇళ్ళను కట్టేవాళ్ళు పాలమూరు నుంచి, శ్రీకాకుళం, విజయనగరాల నుంచి, ఒడిశా, ఛత్తీస్‌గఢ్, బీహార్‌ల నుంచి వచ్చినవారు. కడుతున్న ఇంటి పక్కనే రేకుల షెడ్డులో ఉంటారు. ఇల్లు పూర్తయిన రోజున వారి షెడ్డు లేస్తుంది.

ఇక అసలు విషయానికి వస్తాను. శ్రావణంలో గృహప్రవేశానికి ముహూర్తం పెట్టించుకున్నాము. ఆషాఢం సగానికి వచ్చినా బయటి గోడల ప్లాస్టరింగు మిగిలే ఉంది. ముందువైపు పని అయ్యాక పక్కవైపు మొదలుపెడతానని మేస్త్రీ అన్నాడు. రెండువైపులా ఒకేసారి జరగాలని నేను పట్టుబట్టాను. అతని దగ్గర ఉన్న చెక్కలు ఒక్క వైపుకే సరిపోతాయి. నా తొందర చూసి వాటినే రెండు వైపులకూ పంచాడు. మూడేసి చెక్కలు పరచవలసిన పరంజా మీద ఒక్కొక్కటి మిగిలింది. ఆ ఒంటి చెక్క మీద నిలబడి ఒక పాలమూరు మహిళ కింది నుంచి మాలు తట్ట అందుకొని పైనున్న తాపీ పనివాడికి అందిస్తోంది.

"ఒక్క చెక్క మీద ఎట్లా నిలబడుతుందయ్యా?" అని అడిగాను. అడగలేదని అబద్ధం చెప్పను.

"ఏం గాదు సార్. మాకు అలవాటే" అన్నాడు మేస్త్రీ.

ఆ జవాబుతో నాకు తృప్తి కలిగింది. నేను కోరుకున్న జవాబు అదే కనుక కలిగింది. మూడో రోజు మధ్యాహ్నం, తట్ట అందుకోబోయి ఆమె మొదటి అంతస్తు ఎత్తు నుంచి కింద పడింది. ఇసుక కుప్ప అంచు మీద పడటం వల్ల ప్రాణం దక్కింది. తుంటి ఎముక విరిగింది, మణికట్టు విరిగింది. మూడు నెలలు మంచం మీద ఉంది. ఆ తరువాత కూడా తట్ట ఎత్తే పనికి తిరిగి రాలేకపోయింది.

ఆసుపత్రి ఖర్చులన్నీ నేనే కట్టాను. పైన కొంత డబ్బు కూడా ఇచ్చాను. బంధుమిత్రులందరూ నా మంచితనాన్ని మెచ్చుకున్నారు. ఊరికి బయలుదేరే రోజున ఆమె భర్త వచ్చి నా రెండు చేతులూ పట్టుకొని, "మీరు దేవుని లెక్క సార్, వేరేటోళ్ళయితే ఇడిసిపెడుదురు" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ నన్ను వదలటం లేదు. అతని భార్య పడటానికి కారణమైన రెండు చెక్కలను అక్కడి నుంచి తీయించింది నేను. నా వల్ల జరిగిన నష్టంలో కొంత భాగాన్ని పూడ్చినందుకు అతను నాకు దణ్ణం పెడుతున్నాడు. బాధ్యత అనవలసినదాన్ని దానంగా చెలామణీ చేసుకోవటం ఇంత సులభమా అని ఆ రోజే మొదటిసారి అనిపించింది.

తరువాత కొన్నాళ్ళపాటు చట్టం ఏమంటుందో చదివాను. నేను న్యాయవాదిని కాను, ఇంజనీరునూ కాను. చదివి అర్థం చేసుకున్నంత మేరకు చెబుతున్నాను.

మన దేశంలో నిర్మాణ కార్మికుల కోసం ప్రత్యేకంగా చట్టం వచ్చింది 1996లో. భవన, ఇతర నిర్మాణ కార్మికుల చట్టం అంటారు. దానికి జతగా నిర్మాణ వ్యయం మీద ఒక శాతం సెస్సు వసూలు చేసే మరొక చట్టమూ అదే ఏడాది వచ్చింది. 1998లో కేంద్ర నియమావళి వచ్చింది. చదివితే ఆశ్చర్యం వేసేంత వివరంగా ఉంటుంది అది. పరంజా ఎట్లా ఉండాలి, స్లాబులో వదిలిన ఖాళీల చుట్టూ ఏమి కట్టాలి, ఎవరి చేత ఎంత బరువు ఎత్తించవచ్చు అన్నీ ఉన్నాయి. సాయం లేకుండా వయోజనుడైన మగవాడు 55 కిలోలకు మించి, స్త్రీ 30 కిలోలకు మించి మోయకూడదని అందులో ఉంది. సిమెంటు బస్తా 50 కిలోలు. మన కాలనీల్లో బస్తాను నెత్తిన పెట్టుకొని మెట్లెక్కే ఆడవాళ్ళను చూడనివారు ఎవరైనా ఉన్నారా?

ఆ చట్టం ఇప్పుడు విడిగా లేదు. 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్‌లో కలిసిపోయింది. ఆ కోడ్ 2025 నవంబరు 21న అమలులోకి వచ్చింది. అందులో మెచ్చుకోవలసినవి కొన్ని ఉన్నాయి. పాత చట్టం ప్రకారం 500 మంది పనిచేసే చోట భద్రతాధికారి ఉండాలి. నిర్మాణ పనుల్లో ఇప్పుడు ఆ సంఖ్య 250. నక్షా దశలోనే పనివారి భద్రతను ఆలోచించవలసిన బాధ్యతను ఆర్కిటెక్టు మీద, ప్రాజెక్టు ఇంజనీరు మీద పెట్టారు. విధి తప్పినందువల్ల మనిషి చనిపోతే రెండేళ్ళ వరకు జైలు, లేదా ఐదు లక్షలకు తగ్గని జరిమానా, లేదా రెండూ. ఆ జరిమానాలో కనీసం సగం బాధితుడి కుటుంబానికి ఇప్పించే అధికారం కోర్టుకు ఉంది.

మరి నా ఇంటి మాట? పాత చట్టం పదిమందికి తక్కువ కాకుండా పనిచేసే చోట్లకే వర్తించేది. సొంత నివాసానికి కట్టుకునే ఇల్లు పది లక్షలు దాటకపోతే దాని జోలికి వచ్చేది కాదు. కొత్త కోడ్‌లోనూ పదిమంది లెక్క అలాగే ఉంది. సొంత ఇంటి పరిమితి మాత్రం యాభై లక్షలయింది. 1996 నాటి పది లక్షలకూ నేటి పది లక్షలకూ పోలిక లేదు, పెంచటంలో తప్పేముంది అనవచ్చు. నిజమే. కాని ఫలితం ఏమిటో చూడండి. పటేల్‌గూడ వంటి చోట నూటయాభై గజాల్లో నావంటివాడు కట్టుకునే ఇళ్ళలో చాలా భాగం చట్టం గడప బయటే ఉండిపోతుంది.

పదిమంది లెక్క సంగతీ అంతే. నా ఇంటి దగ్గర మామూలు రోజున మేస్త్రీతో కలిపి ఏడుగురు ఉండేవారు. సెంట్రింగువాళ్ళది వేరే ముఠా, సలాకలు వంచేవాళ్ళది వేరే ముఠా, కరెంటు పనివాళ్ళు వేరు. స్లాబు రోజున మిల్లరుతోపాటు ఇరవైమందికి పైగా దిగి సాయంత్రానికి వెళ్ళిపోయారు. ఎవరి ముఠాకు వారి మేస్త్రీ. ఎవరు ఎవరి మనిషి అని అడిగితే ఎవరికి వారు పక్కవాణ్ణి చూపించగలరు. ఇంతమందిలో అందరికీ డబ్బు ఇచ్చేవాణ్ణి నేనొక్కణ్ణే. అయినా నేను ఎవరికీ యజమానిని కాను. నన్ను 'ఓనరు' అని మాత్రం పిలుస్తారు.

సెస్సు సంగతి కూడా చెప్పాలి. అనుమతి తీసుకునేటప్పుడు ఒక శాతం నేనూ కట్టాను. రసీదు ఫైలులో పెట్టుకొని నా వంతు తీరిందనుకున్నాను. ఆ డబ్బుతో నడిచే సంక్షేమ మండలిలో పేరు నమోదు కావాలంటే కార్మికుడి వయసు 18కీ 60కీ మధ్య ఉండాలి, గడచిన ఏడాదిలో 90 రోజులు నిర్మాణ పని చేసి ఉండాలి. మా ఇంటి దగ్గర పడిపోయిన ఆమె పదేళ్ళుగా ఈ పనే చేస్తోంది. ఆమె పేరు ఎక్కడా నమోదు కాలేదు. తొంభై రోజులు చేసినట్టు కాగితం రాసి ఇచ్చినవాడు లేడు. ఇవ్వాలని నాకూ తోచలేదు. ఇది ఆమె ఒక్కతి కథ కాదు. 2018 మార్చి 19న ఈ సెస్సు నిధుల మీద సుప్రీంకోర్టు తీర్పు ఇస్తూ, దేశం మొత్తం మీద 37,400 కోట్ల రూపాయలకు పైగా వసూలైతే కార్మికులకు ఖర్చయినది దాదాపు 9,500 కోట్లేనని చెప్పింది. పేదవాడి చెమట పేరుతో తీసిన డబ్బు పేదవాడి దాకా వెళ్ళే దారి లేక ఖజానాల్లో నిలిచిపోయింది.

పెద్ద ప్రమాదాలు జరిగినప్పుడు మనం మాట్లాడుకుంటాము. 2014 జూన్ 28న చెన్నై దగ్గరి మౌలివాక్కంలో కడుతున్న పదకొండంతస్తుల భవనం కూలి 61 మంది పోయారు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వలస వెళ్ళినవారు అందులో చాలామంది ఉన్నారు. 2016 డిసెంబరులో హైదరాబాదు నానక్‌రామ్‌గూడలో ఏడంతస్తుల భవనం కూలి 11 మంది పోయారు. 2024 మే 7 రాత్రి వానకు బాచుపల్లిలో గోడ కూలి దాని కింద తలదాచుకున్న ఏడుగురు వలస కూలీలు, వారిలో ఒక పసివాడు, చనిపోయారు. బాచుపల్లి మాకు అట్టే దూరం కాదు. 2025 జూన్ 30న మా పక్కనే పాశమైలారం రసాయన కర్మాగారంలో జరిగిన పేలుడు యాభైమందికి పైగా ప్రాణాలు తీసింది. అది నిర్మాణ పని కాదు కాని, ఆ వారమంతా మా వీధిలో భద్రత తప్ప వేరే మాట లేదు. అదే వారంలో మా వెనక వీధిలో మూడో అంతస్తు మీద ఒకడు పిట్టగోడ లేని అంచున గొంతుక్కూర్చుని గోడకు నీళ్ళు కొడుతున్నాడు. భద్రత గూర్చి మాట్లాడుకుంటూనే అతని కింద నుంచి అందరమూ నడిచి వెళ్ళాము. ఒక్కొక్కరుగా పడేవాళ్ళు వార్త కారు.

ప్రభుత్వం ఇళ్ళను పట్టించుకోదని కాదు. 2024 సెప్టెంబరులో మా పటేల్‌గూడలోనూ, కిష్టారెడ్డిపేటలోనూ ప్రభుత్వ స్థలంలో కట్టారంటూ హైడ్రా కొన్ని కట్టడాలను కూల్చింది. సర్వే నంబర్ల మీద, అనుమతుల మీద, కొనుక్కున్నవారి నష్టం మీద ఎంతో చర్చ జరిగింది, జరగవలసిందే. కట్టడం ఎవరి నేల మీద ఉన్నది అన్న ప్రశ్న మనకు అలవాటయింది. ఎవరి ఒంటి మీదుగా లేచింది అన్నది ఇంకా అలవాటు కాలేదు.

ఈ విషయంలో బ్రిటన్‌వాళ్ళు చేసిన ఒక పని నాకు నచ్చింది. నిర్మాణ పనుల నమూనా, నిర్వహణల మీద వాళ్ళు 1994లో నిబంధనలు తెచ్చి, 2007లోనూ 2015లోనూ తిరగరాశారు. అందులో కట్టించేవాడికి, అంటే డబ్బు పెట్టేవాడికి కూడా విధులు ఉన్నాయి. పని సురక్షితంగా జరగటానికి చాలినంత సమయం, చాలినన్ని వనరులు ఇవ్వటం అతని విధి. సొంత ఇల్లు కట్టించుకునేవాడి విషయంలో 2015 నిబంధనలు ఆ విధులను మామూలుగా గుత్తేదారుకు అప్పగిస్తాయి. అంతేగాని సొంత ఇల్లు కదా అని గాలికి వదలవు. 'చాలినంత సమయం' అన్న మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఆమెకు నేను ఇవ్వనిది అదే. నా ముహూర్తం ఆమె చెక్కల్ని తీసేసింది.

కనుక నా అభిప్రాయం ఇది. చట్టం ఎవరిని బయట వదిలిందో వారి భద్రతకు మొదటి బాధ్యుడు ఇల్లు కట్టించేవాడే. మేస్త్రీకి గుత్తకు ఇచ్చాను, నాకేం సంబంధం అనే హక్కు మనకు లేదు. ఏ మూల పూజ గది రావాలో, ఏ దిక్కున బోరు పడాలో మేస్త్రీకి ఒదిలెయ్యని మనం, మనిషి ఎక్కే చెక్క సంగతి మాత్రం అతనికి ఒదిలేస్తున్నాము.

దీనికి మూడు అభ్యంతరాలు వింటూ ఉంటాను. మొదటిది, "హెల్మెట్ ఇచ్చినా వాళ్ళు పెట్టుకోరండీ" అన్నది. పెట్టుకోనివారు ఉన్నారు. ఎండలో తట్ట మోసే తల మీద అది నిలవదు కూడా. కాని హెల్మెట్ అన్నిటికన్నా చివరిది. పరంజాకు అడ్డుకర్ర కట్టటం, స్లాబులోని కంత మూయటం, గుంత గోడకు దన్ను పెట్టటం వీటికి పనివాడి ఇష్టాయిష్టాలతో నిమిత్తం లేదు. రెండవది ఖర్చు. నేను ఆసుపత్రికి కట్టినదానిలో పదోవంతు పెట్టి ఉంటే నా ఇంటికి కావలసిన చెక్కలు, గొట్టాలు అద్దెకు వచ్చేవి. మూడవది తలరాత. దీనికి జవాబు చెప్పటం కష్టం కాదు. మన పిల్లవాడు మేడ మీద ఆడుకునేటప్పుడు తలరాతకు ఒదిలెయ్యము, పిట్టగోడ కట్టిస్తాము.

ఇల్లు కట్టించబోయే మిత్రులకు పనికివస్తుందని, నేను ఆలస్యంగా తెలుసుకున్నవి కొన్ని కింద రాస్తున్నాను. ఇవి కంటితో చూసి, అడిగి తేల్చుకోగలిగినవే.

1. పునాది గుంతలు, సంపు గుంతలు. మెత్తటి మట్టిలో మీటరున్నర దాటి లోతుకు తవ్వితే పక్క గోడలకు దన్ను పెట్టాలని భారతీయ ప్రమాణం చెబుతుంది. మీటరున్నర అంటే దాదాపు మనిషి మెడ దాకా వచ్చే లోతు. తవ్విన మట్టిని గుంత అంచునే పోయనీయకండి. వాన పడ్డ మర్నాడు చూడకుండా ఎవరినీ దిగనీయకండి.

2. సంపులో సెంట్రింగు విప్పే రోజు. ఇది చాలామందికి తెలియదు. కొత్తగా కట్టి మూసిన సంపులో తడి చెక్కలు కుళ్ళి ప్రాణవాయువు తగ్గిపోతుంది. దిగినవాడు అరవకుండానే పడిపోతాడు, అతని కోసం దిగినవాడూ పడిపోతాడు. మూత తెరిచి, బాగా గాలి ఆడించి, నడుముకు తాడు కట్టి, పైన మనిషిని పెట్టి దింపాలి.

3. పరంజా. కాలు పూర్తిగా ఆనేంత వెడల్పుగా చెక్కలు, బయటివైపు నడుము ఎత్తున అడ్డుకర్ర, ఎక్కటానికి నిచ్చెన. మూడూ లేకపోతే ఆ రోజు పని ఆపండి. ఆ రోజు కూలి ఇచ్చి ఆపండి. ఇవ్వకపోతే ఎవరూ ఆపరు.

4. స్లాబులో మెట్లకు, గాలి వెలుతురుకు వదిలిన ఖాళీలు. సెంట్రింగు విప్పిన గంటలోనే చుట్టూ కట్టండి లేదా మూయించండి.

5. కరెంటు. తాత్కాలిక కనెక్షనుకు లీకేజీ జరిగితే తనంతట తాను పడిపోయే స్విచ్చి పెట్టించండి. నీళ్ళ మోటారు, స్లాబు వైబ్రేటరు తడిలోనే నడుస్తాయి. ఇంటి ముందు పెద్ద తీగలు ఉంటే, సలాకలను ఆవైపు నుంచి నిలువుగా పైకి లాగనీయకండి.

6. కాగితం. పనిచేసినవారికి ఎన్ని రోజులు చేశారో రాసి సంతకం పెట్టి ఇవ్వండి. మనకు అది రెండు నిమిషాల పని, వాళ్ళకు అది సంక్షేమ మండలి గడప ఎక్కటానికి ఆధారం.

7. ముహూర్తం. ఇల్లు పూర్తయ్యాక పెట్టించుకోండి.

ఇవన్నీ నేను చేసినవి కావు, చెయ్యనివి. ఉపదేశం చేసే అర్హత నాకు లేదని తెలుసు. నా పొరపాటు మరొకరి ఎముకల మీద రాసి ఉన్నది కనుక, కనీసం దాన్ని పదిమందికి తెలిసేట్టు చెప్పటం నా పని అనుకొని రాశాను.

మొన్న మా పక్క ప్లాటులో పునాది తీశారు. ఓనరు కొత్తగా పరిచయమైన ఉద్యోగి, మంచివాడు. గుంత మనిషి లోతు దాటింది. తవ్విన మట్టి అంచునే కుప్పగా ఉంది. రాత్రి వాన పడింది. పొద్దున్నే వెళ్ళి సంగతి చెప్పాను. ఆయన మేస్త్రీ వైపు చూశాడు. మేస్త్రీ నవ్వి, "ఏం గాదు సార్" అన్నాడు. ఆయన ముఖంలో కలిగిన ఆ తృప్తిని నేను గుర్తుపట్టాను.

ఈసారి నేను కదల్లేదు. మట్టి వెనక్కి లాగేదాకా, పక్కలకు చెక్కలు దన్ను పెట్టేదాకా ఆ గట్టునే నిలబడ్డాను. ఒక పూట పట్టింది. ఆయనకు నా మీద కొంచెం కోపం వచ్చినట్టే ఉంది. వచ్చినా ఫరవాలేదు.

మీ ఊళ్ళలో, మీరు కట్టించిన ఇళ్ళ దగ్గర ఎట్లా జరిగిందో వీలైతే వ్యాఖ్యల్లో రాయండి. నేను రాసినదాంట్లో పొరపాటు ఉంటే ఇంజనీరు మిత్రులు తప్పక సవరించండి, టపాలో మార్చుకుంటాను.